డిస్కులోని దీవికి హద్దులు

ముందే ఒప్పేసుకుంటాను. ఒక దుకాణదారు వీడియోగేమ్ డిస్కులో సగం కోసి, ఆ కోసిన సగాన్ని ఇంట్లో దాచుకున్నాడని నమ్మినవాణ్ణి నేను. నమ్మి ఊరుకుంటే అది నా సొంత గొడవ. దాన్ని కాగితం మీద, మార్జిన్ వదిలి, పేరాకు నెంబరు వేసి మరీ రాశాను. డిస్కు గుండ్రంగా ఉంటుంది కదా, సగం కోస్తే తిరుగుతుందా అన్న ప్రశ్న ఆ క్షణాన నాకు తట్టలేదు. నా బుర్రా గుండ్రమే. ఆ రోజు అదీ తిరగలేదు.

కొత్తగా ఆఫీసుల్లో చేరినవాళ్లు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, ముప్పై ఏళ్లకు పైబడిన సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదని. హత్యా, భూమి తగాదా, లంచమా అని ఎదురుచూస్తారు. నేను ఆట కేసు అంటే ముఖాలు చిన్నబుచ్చుకుంటారు. అయినా చెప్తాను, ఎందుకంటే ఒక ఇంగ్లీషు మాట ఎక్కడ పుట్టిందో, దాని కడుపులో ఏముందో తెలుసుకోవాలని ఉద్యోగంలో నేను అంతగా తిరిగింది అదొక్కసారే.

రెండువేల పది దాటిన కొత్తల్లో మాట ఇది. నేను అప్పుడు వినియోగదారుల ఫోరంలో శిరస్తదారుని, అంటే ఆఫీసులో పెద్ద గుమస్తాని. ఏ ఊళ్లో అని అడక్కండి. ఇచ్ఛాపురానికీ శృంగవరపుకోటకీ మధ్య ఎక్కడో అనుకోండి. ఫోరానికి రాకముందు చాలా ఏళ్లు సివిల్ కోర్టులో అమీనుగా చేశాను. కోర్టు తీర్పు చెప్పాక పొలం మీదకు వెళ్లి, హద్దులు చూసి, గెలిచినవాడికి స్వాధీనం చేసేవాడే అమీను. గెలిచినవాడు మజ్జిగ ఇస్తాడు, ఓడినవాడు తిట్లు ఇస్తాడు. రెండూ పుచ్చుకుని సంతకాలు పెట్టించుకు రావాలి. ఈ పాత కొలువు సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఫోరానికి వకీలు లేకుండానే రావచ్చు, తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసి ఇవ్వచ్చు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే మాలో ఒకరం రాసిపెట్టేవాళ్లం. చెప్పింది చెప్పినట్టే రాయాలన్నది నియమం. కానీ చెప్పినదానికి కాస్త పౌడరు రాసి, బొట్టు పెట్టి, పెళ్లిచూపులకు పంపినట్టు పంపడం మా అలవాటు. ఆ పౌడరు పనిలో నాకు మంచి పేరుండేది.

ఒక సోమవారం పొద్దున్న ఒకావిడ వచ్చింది. మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నలభై దాటిన మనిషి. పుట్టిల్లు నౌపడ దగ్గర, ఉప్పు మళ్లలో పనిచేసిన కుటుంబం. బాప్టిస్టు మిషన్ బడిలో చదువుకుని ఉద్యోగంలో చేరింది. సంచిలోంచి ఒక గేమ్ డిస్కు డబ్బా తీసి నా బల్ల మీద పెట్టింది. టీవీకి తగిలించి ఆడే పెట్టెలో వేసే డిస్కు.

“పిల్లల కోసం కొన్నారామ్మా?” అన్నాను.

“పిల్లలేటి? నానే ఆడతాను.”

పక్కన మా టైపిస్టమ్మ టకటకలు ఆగిపోయాయి.

“ఏటి బాబూ, అలగ సూస్తన్నారు? వారవంతా సూదులు గుచ్చుతాను. ఆదోరం సర్చి నుంచొచ్చినాక రెండు గంటలు ఈ దీవిలో తిరుగుతాను. అందులో ఎవులికీ జొరం రాదు.”

ఇంతకన్నా మంచి కారణం ఏ ఆటకైనా ఉంటుందా? నేను కలం తీశాను. ఆమె చెప్పిన కథ ఇది. డబ్బా మీద పూర్తి ఆట అని ఉంది. ఆటలో ఒక దీవి. దీవికి ఉత్తరం పక్క గోడ, గోడలో ఇనుప గేటు. గేటు దగ్గరికి వెళ్తే తెర మీద ఒక చీటీ వస్తుంది: ఇది అదనపు కంటెంటు, డౌన్‌లోడ్ చేసుకోవాలి, అందుకు వేరేగా కొనుక్కోవాలి అని.

“సగవే అమ్మినారు నాకు. పూర్తని సెప్పి సగవే ఇచ్చినారు.”

“మిగతా సగం ఎక్కడుందంటారు?”

“నాకేటి తెలుసు? షాపతన్ని అడిగినాను. ‘అది డీఎల్‌సీ మేడమ్, వేరేగా వస్తాది’ అన్నాడు.”

డీఎల్‌సీ అన్న మూడక్షరాలు నేను వినడం అదే మొదలు. తెలియదని చెప్పే అలవాటు నాకు అప్పటికి లేదు. బస్తాలోంచి రెండు గరిటెలు తీసి, వేరే పొట్లం కట్టి, దానికి ఇంకో పేరు పెట్టి అమ్మే కిరాణా కొట్లను ఫోరంలో బోలెడు చూశాను. ఇదీ అదే అనుకున్నాను. ఆరో పేరాలో ఇలా రాశాను: “ఎదుటి పక్షము వారు సదరు డిస్కులోని కొంత భాగమును కోసి తొలగించి, తమవద్ద అట్టేపెట్టుకొని, డీఎల్‌సీ అను మారుపేరుతో వేరుగా విక్రయించుచున్నారు.”

ఆమె చదివి తల ఎత్తింది. “కోసినాడని నాన్సెప్పలేదు గదా?”

“చట్టం భాషలో ఇలాగే వస్తుందమ్మా,” అన్నాను.

డాక్టర్ల రాత చూసి ప్రశ్నించకుండా మందులిచ్చే ఉద్యోగం ఆమెది. సంతకం పెట్టేసింది.

నోటీసు వెళ్లిన కొద్ది రోజులకు షాపతను వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. వరి, నువ్వులు పండించే పాతకాపుల ఇల్లు. పొలం చూసుకోకుండా ఆటల షాపు పెట్టాడని తండ్రి ఏడాదిగా మాటలు మానేశాడట. మా ఫోరంలో దాఖలయ్యే ఫిర్యాదులను విలేకరులు చూసుకుని వెళ్లడం మామూలే. అలా నా ఆరో పేరా జిల్లా పేజీలో ‘డిస్కు కోసిన దుకాణదారు’ అని చిన్న వార్తగా పడింది. నా వాక్యం పేపర్లో పడిందని ఆ పొద్దున్న నేను కాస్త మురిసిపోయాను కూడా. అతని సంగతి వేరు. షాపు గది యజమాని నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. కొనేవాళ్లు డిస్కును వెలుతురుకు పట్టి చూసి, అంచులు తడిమి, వెనక్కి పెట్టి వెళ్లిపోతున్నారు.

“అదీ కాదు సార్,” అన్నాడు. “ఏడాది తరవాత మా అయ్య నాతో మాటాడినాడు. ఏటన్నాడో తెలుసా? ‘కోసినావేటిరా?’ అన్నాడు.”

జేబులోంచి ఒక డిస్కు తీసి నా ముందు పెట్టాడు. “ఎక్కడ కోసినానో సూపెట్టండి.”

తిప్పి చూశాను. ట్యూబులైటు కింద పట్టి చూశాను. అందులో నా ముఖం తప్ప ఏమీ కనిపించలేదు. ముఖం మీద కోతలేమీ లేవు. కోతలు కోసేవాడి ముఖం అని మాత్రం స్పష్టంగా ఉంది.

ఫిర్యాదు ఆమెది, సంతకం ఆమెది, కొయ్యడం మాత్రం నాది. టైపిస్టమ్మ ఫైలు చాటునుంచి మెల్లగా అంది, “గురువుగారూ, ఆ ముక్క మీ సొంత డీఎల్‌సీ కదండీ. ఆవిడ చెప్పినదానికి మీరు అదనంగా చేర్చింది.” దాని అర్థం ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు. అయినా గుచ్చుకుంది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనం గంటలో ఆ షాపుకు వెళ్లడం మొదలుపెట్టాను. కేసులో ఉన్నవాళ్లతో శిరస్తదారు అలా కలవకూడదు. కలిశాను. అదీ ఒప్పుకుంటున్నాను. మొదటి రోజు అతను కుర్చీ చూపించలేదు. రెండో రోజు చూపించాడు. మూడో రోజు చెప్పడం మొదలుపెట్టాడు.

మీ తరానికి ఇదంతా పసి కబుర్లలా ఉంటుంది. నాకు మాత్రం కొత్త లోకం. పూర్వం ఆట అంటే ఒక చిప్పు డబ్బానో, కేసెట్టో. అందులో ఎంత ఉంటే అంతే, తర్వాత చేర్చేది లేదు. కంప్యూటర్లు వచ్చాక, బాగా అమ్ముడైన ఆటకు కొన్నాళ్లకు ఇంకో కథ తయారుచేసి ఇంకో పెట్టెలో పెట్టి అమ్మేవారు. దాన్ని ఎక్స్‌పాన్షన్ అనేవారట. మొదటి ఆట లేకపోతే అది నడవదు.

“అంటే పాత ఇంటికి కొత్త వసారా,” అన్నాను.

“అదే సార్. ఇల్లు కట్టినాక కట్టిన వసారా. తరవాత ఆటపెట్టెకే నెట్టు వచ్చేసినాది. ఇంక డబ్బా, అట్ట, లారీ, షాపు ఏటీ అక్కర్లేదు. నెట్టులోంచే దిగిపోద్ది. అందికే డౌన్‌లోడబుల్ కంటెంట్ అన్నారు. అంత పొడుగు ఎవులంటారు? డీఎల్‌సీ అయిపోనాది.”

నాకు ఇక్కడ ఒక సంగతి వింతగా తోచింది. ఆ పేరు సరుకుది కాదు, రవాణాది. నౌపడ ఉప్పు రైలెక్కి వెళ్తుంది. దాన్ని రైలుప్పు అంటామా? మా వీధికి సైకిలు మీద చేపలొస్తాయి. వాటిని సైకిలు చేపలు అంటామా? ఏ దారిన వచ్చిందో చెప్పి, వచ్చిందేమిటో చెప్పకుండా తప్పించుకునే పేరు నేను అంతవరకు వినలేదు.

“మరి కంటెంటంటే?”

“ఏదైనా సార్. కొత్త ఊరు, కొత్త కథ, చొక్కా, కత్తి. ఎప్పుడో ఓ ఆటలో గుర్రానికి కవచం వేరేగా అమ్మినారట. ఆడేవోళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు.”

“నవ్వుకుంటూ కొన్నారా?”

“కొన్నారు సార్.”

సీజన్ పాస్ అని ఇంకోటి చెప్పాడు. నెలంతా రైల్లో తిరిగేవాళ్లకు ఇచ్చే టికెట్టు అనుకున్నాను. కాదట. ఆ ఆటకు ముందుముందు రాబోయే అదనాలన్నీ కలిపి ఇప్పుడే కొనేసుకోవడమట.

“ఏమొస్తాయో తెలుసా?”

“తెలీదు.”

“ఎన్నొస్తాయో?”

“అదీ తెలీదు.”

పట్టాలు ఇంకా వెయ్యని ఊరికి పాసు. ఊరి పేరు తర్వాత చెబుతారు. నేను చాలాసేపు నవ్వాను. అతను కూడా నవ్వాడు, వార్త పడ్డాక మొదటిసారి అనుకుంటాను. నవ్వు తగ్గాక అసలు ప్రశ్న అడిగాను.

“గేటు అవతలిది ఇప్పుడు ఎక్కడుంది? నెట్టులోనా?”

అతను గొంతు తగ్గించాడు. “అలగనే సెప్తారు. కానీ కొన్ని ఆటల్లో ముందే తయారుసేసి డిస్కులోనే పెట్టేస్తారని ఆడేవోళ్లు అనుకుంటారు. నెట్టులోంచి వచ్చేది తాళమేనట. నాను కళ్లతో సూడలేదు సార్.”

“డిస్కులోనే ఉంటే డౌన్‌లోడ్ అని ఎందుకంటారయ్యా?”

“పేరు అలగ పడిపోనాది. పడ్డ పేరు లెగదు గదా. నా పేరు సూడండి.”

ఆ మాటకు నా నవ్వు పూర్తిగా ఆరిపోయింది.

ఆ సాయంత్రమే మా ఫోరం అధ్యక్షురాలి గదికి వెళ్లాను. ఆవిడ రిటైరైన జిల్లా జడ్జి. కోపం వస్తే గొంతు పెంచరు, కళ్లజోడు తీస్తారు. నేను ఆరో పేరా సంగతి, షాపుకు వెళ్లిన సంగతి రెండూ చెప్పాను. కళ్లజోడు తీశారు.

“ఆమె చెప్పనిది మీరు రాశారా?”

“అవునండి.”

“ఎందుకు?”

“బాగుంటుందని.”

కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. “ఆ పేరా కొట్టేస్తే కాగితం మీద పోతుంది. అతని మీద పోదు. దీనికి విరుగుడు మీరే వెతకండి.”

ఈలోగా ఆట తయారుచేసిన కంపెనీని కూడా కేసులో చేర్చాం. వాళ్ల తరఫున విశాఖపట్నం నుంచి ఒక సీనియరు వకీలుగారు వచ్చారు. తెల్లని కాలరు, సన్నని నవ్వు. ఆయన వాదన చిన్నదే. అదనపు కంటెంటు వేరే సరుకు, అమ్మిన డిస్కులో అది లేదు, నెట్టులోంచి దిగుతుంది, “డౌన్‌లోడబుల్ అని పేరులోనే ఉంది, పేరే సాక్ష్యం.” ఇక డబ్బా మీద ఏమున్నా, పూర్తి ఆట అని నోటితో నమ్మించి అమ్మింది దుకాణదారు, కాబట్టి తప్పేమైనా ఉంటే అతనిది. అంటే కోసినవాడు అన్న పేరు పోయినా, మోసగాడు అన్న పేరు షాపు మీద మిగులుతుందన్నమాట. ఖాళీ చెయ్యమన్న గది యజమాని తీర్పు దాకా ఆగుతానన్నాడు. షాపు ఉండడం, ఊడడం ఆ ఒక్క కాగితం మీదకు వచ్చింది.

అధ్యక్షురాలు ఎవరైనా వెళ్లి ఆట చూసి నివేదిక ఇవ్వాలన్నారు. ఏ వకీలూ ముందుకు రాలేదు. వీడియోగేమ్ తనిఖీకి వెళ్లాడంటే బార్ రూములో జన్మంతా అదే పేరు పెట్టి పిలుస్తారని భయం. ఆవిడ నా వైపు చూశారు. “మీరు అమీనుగా చేశారు కదూ?”

తనిఖీ రోజు గురించి కంపెనీ వకీలుగారికి నోటీసు పంపాం. ‘ఆట చూచుటకు మా హాజరు అవసరం లేదు’ అని జవాబిచ్చారు.

షాపు చిన్నది. ఒక టీవీ, నాలుగు కుర్చీలు. నర్సమ్మ డ్యూటీ దిగి తెల్లచీరలోనే వచ్చింది, సంచిలో తన డిస్కుతో. ఆమె, షాపతను ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. సాక్షి సంతకాలకు మధ్యవర్తులుగా ఇద్దరిని కూర్చోబెట్టాను: ఎదురుగా టీ కొట్టు నడిపే ఆవిడ, పక్క ఎరువుల కొట్టుకు యూరియా కోసం వచ్చిన శ్రీకూర్మం వైపు రైతు. ఆ రైతుకు డెబ్బై దాటి ఉంటాయి. “ఎంతసేపు బాబూ?” అన్నాడు. “దీవి ఎంతుంటే అంతసేపు,” అన్నాను.

ముందే ఏదో దిగి ఉందన్న మాట రాకుండా షాపతను సీలున్న కొత్త ఆటపెట్టె మా అందరి ఎదుట విప్పాడు. ఆమె డిస్కు అందులో వేశాం. తెర మీద సముద్రం లేచింది.

ఇక్కడే నా రెండో తెలివితక్కువతనం. కంప్యూటరు తెలిసినవాడైతే ఏ ఫైలు ఎంతుందో చూసి ఊరుకునేవాడు. నాకు తెలిసింది ఒకటే విద్య. దస్తా కాగితం తీసి, పైన మహజరు అని రాసి, అంటే సాక్షుల ఎదుట చూసింది చూసినట్టు నమోదుచేసే పత్రమన్నమాట, హద్దులు మొదలుపెట్టాను. తూర్పు: సముద్రము. దక్షిణం: పడవల రేవు. పడమర: కొండ. ఉత్తరం: రాతిగోడ, అందులో ఇనుప గేటు, తాళము వేసియున్నది.

“సిస్టరుగారూ, రేవు నుంచి గేటు దాకా నడవండి. పరిగెత్తొద్దు, అడుగులు లెక్కపెట్టాలి.”

ఆమె బొటనవేళ్లతో నడిపిస్తుంటే రైతు గట్టిగా లెక్కపెట్టాడు. ఎనభై దాకా వచ్చి ఆగిపోయాడు. “మేకొచ్చినాది బాబూ అడ్డంగా. లెక్క తప్పిపోనాది.” మళ్లీ రేవు నుంచి నడిచాం. కాగితం మీద నేను పటం గీస్తూ ‘మేక-1, అడ్డు వచ్చినది’ అని కూడా గుర్తు పెట్టాను. వదిలేస్తే తర్వాత ఎవరైనా ఆక్షేపణ పెట్టచ్చని నా పాత భయం.

గేటు దగ్గర తెర మీద చీటీ వచ్చింది. రైతు చీటీని పట్టించుకోలేదు. మెడ చాచి చూస్తున్నాడు.

“గోడవతల కొబ్బరిసెట్టు తలకాయ కనిపిస్తన్నాది. సెట్టుంటే కింద మన్నుండదేటి?”

“అది ఊరికే బొమ్మేమో మావా,” అన్నాడు షాపతను.

“ఇవతల్దీ బొమ్మే కదరా!”

నేను కలం ఆపి ఆయన వైపు చూశాను. ఇన్నాళ్లుగా వకీళ్లు, నేను, ఆ మూడక్షరాలు కలిసి తేల్చనిది ఆయన యూరియా బస్తా పక్కన పెట్టుకుని తేల్చేశాడు. ఆ రెండు మాటలూ ఉన్నవి ఉన్నట్టు రాశాను. ఈసారి పౌడరు రాయలేదు.

ఇక తాళం తియ్యాలి. షాపతను తన దగ్గర అమ్మకానికున్న ఆ అదనం తాలూకు కోడు కార్డు ఒకటి గీకాడు, ఫోను రీఛార్జి కార్డులా గీకితే నెంబరు బయటపడుతుంది. అప్పట్లో ఆ షాపులో నెట్టు అంటే వేలెడంత పుల్ల, కిటికీ ఊచకు కట్టిన తీగ చివర వేలాడుతుండేది. అక్కడైతేనే సిగ్నలు. దానిలోంచి ఒక పాట దిగాలంటే ఇంటికెళ్లి అన్నం తిని రావచ్చు. ఊరంతా దిగాలంటే ఇవాళ తెమలదని, టీ కొట్టావిడ అందరికీ టీ తెచ్చింది. షాపతను కోడు కొట్టి బటను నొక్కాడు.

నేను టీ ఒకసారి ఊదాను. రెండోసారి ఊదేలోగా ‘పూర్తయింది’ అని వచ్చింది.

“ఎంత దిగిందయ్యా?”

అతను తెర మీద అంకె చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. “నా పాస్‌పోర్టు ఫొటో స్కాన్ సేస్తే ఇంతకంటే పెద్దగుంటాది సార్.”

అప్పుడు నాలో పాత అమీను లేచి కూర్చున్నాడు. “ఆ పుల్ల పీకు.”

పీకాడు. దాన్ని కాగితంలో చుట్టి, లక్కముద్ర వేసి, నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆ గదిలోకి రావడానికి ఇక కరెంటుకు తప్ప దేనికీ దారి లేదు. “ఇప్పుడు నడవండి సిస్టరుగారూ.”

గేటు తెరుచుకుంది.

కొబ్బరిచెట్టు కింద మన్ను ఉంది. మన్ను మీద వీధి, వీధిలో ఇళ్లు, బావి, సంత, సంతలో మాట్లాడే మనుషులు, చివర దీపస్తంభం. రైతు ఇళ్లు లెక్కపెడుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం దాటేదాకా నడిచాం. ఒక్క ఇల్లూ ఎక్కడినుంచీ దిగలేదు. అన్నీ ఆమె ఆ డిస్కు కొన్న రోజునుంచీ ఆమె సంచిలోనే ఉన్నాయి.

దీపస్తంభం దగ్గర నర్సమ్మ ఆట ఆపింది. చేతిలోది ఒళ్లో పెట్టుకుని, ఆ రోజు మొదటిసారి షాపతని వైపు తిరిగింది.

“నువ్వు కొయ్యలేదు బాబూ.”

అతను అటు తిరిగి, సర్దే ఉన్న డబ్బాలను మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు.

ఆమె నా వైపు తిరిగింది. “ఆ మాట నాన్సెప్పలేదు. మీరే రాసినారు.”

“రాశాను తల్లీ.”

షాపతని చెయ్యి డబ్బాల మీద ఆగింది. రైతు నన్ను కిందినుంచి మీదికి ఒకసారి చూశాడు. ఏ ఓడినవాడి తిట్టూ నన్ను అంత తిట్టలేదు. మహజరు చివర ఇంకో వాక్యం చేర్చాను: ‘ఫిర్యాదు ఆరో పేరాలో కోసి తొలగించిరి అనుమాట ఫిర్యాది చెప్పినది కాదు, దిగువ సంతకం చేసినవాడు సొంతముగా రాసినది.’ దిగువ సంతకం చేశాను.

విచారణ రోజు కంపెనీ వకీలుగారు నా పటాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నారు.

“కొబ్బరిచెట్టు ఒకటి. మేక ఒకటి, అడ్డు వచ్చినది. అమ్మా, ఈ చెట్టుకు పట్టాదారు ఎవరో, శిస్తు ఎవరు కడుతున్నారో కూడా శిరస్తదారుగారు రాయాల్సింది. మేకకూ మెగాబైటుకూ తేడా వారికి తెలుసా అని నా సందేహం.”

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, మాట బాగుంది కాబట్టి. కానీ చెవులు కాలాయి. టైపిస్టమ్మ మాత్రం నవ్వలేదు, అది ఇప్పటికీ గుర్తుంది.

అధ్యక్షురాలు నవ్వులు ఆగేదాకా ఆగారు. “వకీలుగారూ, ఆ రోజు దిగింది తాళమా, ఊరా?”

“సాంకేతికంగా, అమ్మా, డీఎల్‌సీ అన్నది పరిశ్రమలో స్థిరపడిన మాట...”

“మాట సరే. నెట్టు పుల్ల ఆయన జేబులో ఉండగా ఊరు ఎక్కడినుంచి వచ్చింది?”

వకీలుగారు నా జేబు వైపు చూశారు. అందులో ఆ రోజు కళ్లజోడు తప్ప ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశారు.

తీర్పు పొడుగైనదేమీ కాదు. పేరు ఏదైనా, అమ్మిన రోజున ఉన్నదేదో అదే సరుకు. గేటు అవతలిది డిస్కులోనే ఉంది, ఆ సంగతి డబ్బా మీద కొనేవారికి చెప్పలేదు, ఆ లోపం కంపెనీది. ఫిర్యాదికి గేటు ఉచితంగా తెరవాలి. దుకాణదారు ఏమీ కోయలేదు, దాచలేదు, ఆయన మీద ఫిర్యాదు కొట్టివేయడమైనది. ఆరో పేరా గురించి రెండు వాక్యాలున్నాయి. అవి నా గురించి. ఇక్కడ ఎత్తి రాయను, నాకు కంఠతా వచ్చు గానీ.

పేపర్లో మళ్లీ వార్త పడింది, మొదటిదానికన్నా చిన్న అక్షరాల్లో. షాపు ఖాళీ కాలేదు. కొన్నాళ్లకు అటు వెళ్తే షాపతను కుర్చీ తుడిచి వేశాడు. నన్ను క్షమించాడో లేదో నేను అడగలేదు, అతను చెప్పలేదు. తండ్రి సంగతి అడిగాను. ఆ వార్త కత్తిరించి యూరియా బిల్లులతో కలిపి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడట. కొడుకుతో రెండో మాట కూడా మాట్లాడాడట. “‘కొయ్యలేదట కదరా’ అన్నాడు సార్.” నర్సమ్మ ఆదివారాలు దీపస్తంభం దాకా వెళ్లొస్తోందని కూడా చెప్పాడు.

ఇక చివరి సంగతి. దీన్ని పగ అంటే పెద్ద మాట అవుతుంది.

అపీలుకు వెళ్దామని కంపెనీ వకీలుగారు తీర్పు నకలు కోసం దరఖాస్తు పెట్టి, కొన్ని రోజులకు తానే స్వయంగా వచ్చారు. నకలు సిద్ధంగా ఉంది. ముద్ర వేసి, రెండు చేతులతో ఇచ్చాను. ఆయన పేజీలు తిప్పారు. మళ్లీ తిప్పారు.

“తనిఖీ నివేదిక ఏదీ? ఆ పటం?”

“మీరు అడిగింది తీర్పు నకలు అండి. నివేదిక, పటం అనుబంధాలు. వాటికి వేరే దరఖాస్తు.”

“ఫైలు ఇక్కడే ఉందిగా మీ ముందు!”

ఉంది. ఎర్ర దారంతో కట్టి నా మోచేతి కింద ఉంది. పటం కాగితం కాస్త పెద్దది కావడంతో దాని అంచు ఫైలు దాటి బయటికి వచ్చింది. ఆ అంచు మీద నేను గీసిన కొబ్బరిచెట్టు తల ఆయనకు చక్కగా కనిపిస్తోంది.

“మొదటినుంచీ ఇందులోనే ఉందండి,” అన్నాను. “దారం విప్పడమే తరువాయి. కాకపోతే అది వేరేగా వస్తుంది.”

ఆయన నా ముఖం చూశారు, చెట్టు తల చూశారు. కాలరు సర్దుకున్నారు. నేను ఖాళీ దరఖాస్తు ఫారం ముందుకు జరిపాను. కుర్చీ కూడా వేశాను, మర్యాద మర్యాదే. టైపిస్టమ్మ టకటకలు ఆపేసి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఆయన ఖరీదైన కలం తీసి కేసు నెంబరు, తేదీ నింపారు. ‘కోరిన దస్తావేజు వివరము’ అన్న గడి దగ్గర ఆగారు. “ఇక్కడ ఏమని రాయాలి?”

“ఏమేం కావాలో పూర్తిగా రాయాలండి. రాయనిది నకల్లో రాదు.”

ఆయన తల వంచారు. నేను పక్కనుంచి చదివి చెబుతుంటే, విశాఖపట్నం సీనియరు వకీలుగారు తన సొంత దస్తూరితో, గుండ్రటి అక్షరాల్లో, ఒక్కొక్కటే రాశారు: దీవి పటము. గేటు ఒకటి. కొబ్బరిచెట్టు ఒకటి.

కలం మూత పెట్టబోయారు.

“మేక అండి,” అన్నాను.